బాక్సుల ముందు నిలబడకండి

వినాయక చవితి వస్తోంది. దాని వెనకే దసరా, దీపావళి, ఆపైన పెళ్లిళ్లు. ఇక మన వీధుల్లోకి డీజే బండ్లు దిగుతాయి. ట్రాలీ మీద మనిషెత్తున పేర్చిన బాక్సులు, వాటి ముందు గంతులేసే కుర్రాళ్లు, వాళ్ల పక్కనే నాన్న భుజాల మీద కూర్చున్న మూడేళ్ల పాప. ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. పాప రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంటుంది. కింద నాన్న నవ్వుతూ ఊగుతుంటాడు. పండగ సరదా చెడగొట్టాలని ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఆ పాప చేతులు చెవుల మీదికి ఎందుకు వెళ్లాయో ఆ తండ్రికి తెలియాలని రాస్తున్నాను. తెలిస్తే ఏ తండ్రీ అక్కడ నిలబడడు.

మనకు అలవాటైన లెక్కలన్నీ కూడికలు. కిలో బియ్యానికి కిలో కలిపితే రెండు కిలోలు. శబ్దం లెక్క అలా నడవదు. అది తెలియకపోవడం వల్లే ఇంత ముప్పు.

శబ్దం గాలిలో అలలుగా వచ్చే శక్తి. ఒక చదరపు మీటరు మేర, ఒక సెకనులో ఎంత శక్తి వచ్చి పడుతోందో దాన్ని తీవ్రత అంటాం. ఆరోగ్యమైన చెవి పట్టుకోగల అతి సన్నని చప్పుడు ఒక కొస. చెవిలో నొప్పి పుట్టించే మోత ఇంకో కొస. ఈ రెంటి నడుమ తీవ్రతలో తేడా లక్ష కోట్ల రెట్లు. అంత పెద్ద అంకెలతో రోజూ వేగలేక శాస్త్రజ్ఞులు డెసిబెల్ అనే కొలత పెట్టుకున్నారు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ పేరులోంచి వచ్చిన మాట అది. సన్నని చప్పుడు దగ్గర సున్నా, నొప్పి దగ్గర సుమారు 120. లక్ష కోట్ల రెట్లు ఉన్న తేడాను తెచ్చి 120 మెట్లలో సర్దేశారు. లెక్క రాసుకోవడానికి అది సుఖమే. చదివేవాడు మాత్రం మోసపోతాడు.

ఎలాగో చూడండి. 10 డెసిబెళ్లు పెరిగితే తీవ్రత పది రెట్లు పెరిగినట్టు. 20 పెరిగితే వంద రెట్లు. 30 పెరిగితే వెయ్యి రెట్లు. 3 డెసిబెళ్లు పెరిగినా తీవ్రత దాదాపు రెట్టింపు. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెళ్లు దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. ఊరేగింపు బాక్సుల ముందు 105 నమోదైందనుకోండి. 55 ఎక్కడ, 105 ఎక్కడ, రెట్టింపు కూడా కాలేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ 50 డెసిబెళ్ల తేడాకు అర్థం లక్ష రెట్లు. మీ వీధి మోయాల్సిన శబ్దానికి లక్ష రెట్లు ఆ పాప చెవిలోకి వెళ్తోంది.

ఇందులో చెవి చేసే మోసం కూడా ఉంది. తీవ్రత పది రెట్లు పెరిగితే మన చెవికి అది రెట్టింపు గట్టిగా ఉన్నట్టు మాత్రమే తోస్తుంది. వంద రెట్లు పెరిగితే నాలుగింతలు అనిపిస్తుంది. చెవిని ప్రకృతి అలా మలిచింది. ఆకు రాలిన చప్పుడూ, పిడుగు పడ్డ చప్పుడూ ఒకే చెవితో వినాలి కదా. అందుకే "నాకేం గట్టిగా అనిపించడం లేదే" అనే మాటను ఎప్పుడూ నమ్మకండి. పైగా పది నిమిషాలు గడిచాక మొదట్లో ఉన్న ఇబ్బంది కూడా తెలియదు. అలవాటు పడ్డామని అనుకుంటాం. చెవి అలవాటు పడలేదు, అలిసిపోయింది. బండి మీద కూర్చుని మీటలు తిప్పే కుర్రాడి చెవి అందరికన్నా ముందు అలిసిపోతుంది. మోత తగ్గినట్టు తోచి ఇంకాస్త పెంచుతాడు. రాత్రి పదకొండింటికి పాట సాయంత్రం ఏడింటికన్నా ఎక్కువగా అదరడానికి చాలాసార్లు ఇదే కారణం. ఆ కుర్రాడి మీద కోపం వద్దు. రోజూ ఆ మోతలోనే కూలి చేసుకునే పిల్లవాడు అతను. అందరికన్నా ముందు చెవులు పోయేది అతనికే.

లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్ట తిరిగిన చిన్న భాగం ఉంది. దాంట్లో ఒక్కో చెవికి సుమారు 15 వేల కేశకణాలు. వెంట్రుకల్లాంటి కొసలున్న ఈ కణాలు శబ్దానికి ఊగి మెదడుకు కబురు పంపుతాయి. వరిచేలో ఒకసారి మనిషి నడిచి వెళ్తే పైరు వంగుతుంది, తెల్లారేసరికి మళ్లీ లేచి నిలబడుతుంది. రోజూ అదే దారిన పదిమంది నడిస్తే బాట పడిపోతుంది. అక్కడ ఇక గింజ పండదు. కేశకణాల సంగతీ అంతే. కోడి చెవిలో చచ్చిపోయిన కేశకణాలు మళ్లీ పుడతాయి. మనిషి చెవిలో పుట్టవు. పుట్టుకతో వచ్చిన ఆ 15 వేలే చివరిదాకా. పోయినవాటిని తిరిగి మొలిపించే మందు ఏ డాక్టరు దగ్గరా లేదు.

మరి ఎంత శబ్దం, ఎంతసేపు? అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యాన్ని చూసే పరిశోధన సంస్థ నియోష్ ఒక లెక్క ఇచ్చింది. 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు ఎనిమిది గంటలు. ఆపైన మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 94 దగ్గర గంట. 97కి అరగంట. 100కి పావుగంట. తీవ్రత రెట్టింపైతే సమయం సగం కావాలి, లెక్క సూటిగానే ఉంది. ఇప్పుడు 100 డెసిబెళ్ల మోతలో మూడు గంటల పాటు సాగిన పెళ్లి బరాత్‌ను ఊహించుకోండి. పావుగంటలు పన్నెండు. పన్నెండు రోజుల్లో చెవికి చేరాల్సినదంతా ఒక్క రాత్రిలో పోసేశాం. పైగా ఇది పెద్దవాళ్లకు, అదీ పనిచేసే కార్మికులకు వేసిన లెక్క. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా గట్టిగా చెబుతోంది. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లు అయితే, పిల్లలకు 75 మాత్రమే. ఆ అయిదు డెసిబెళ్ల తేడాను చిన్నచూపు చూడకండి. తీవ్రతలో అది మూడింతలకు పైమాట.

అయితే ఈ లెక్క భయపెట్టడానికే కాదు, కాపాడటానికి కూడా పనికొస్తుంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సినది దూరం.

ఆరుబయట ఒకచోటి నుంచి బయల్దేరిన శబ్దం బుడగలా నలుదిక్కులా విస్తరిస్తుంది. దూరం రెట్టింపైతే అదే శక్తి నాలుగింతల చోటు మీద పరుచుకుంటుంది. అంటే తీవ్రత పావు వంతుకు, డెసిబెళ్లలో చెప్పాలంటే ఆరు తగ్గుతుంది. బాక్సుకు ఒక మీటరు దూరంలో 110 ఉందనుకుంటే రెండు మీటర్ల దగ్గర 104, నాలుగు మీటర్ల దగ్గర 98, ఎనిమిదికి 92, పదహారుకు 86. నియోష్ లెక్క ప్రకారం మొదటి చోట నిలబడగలిగేది నిమిషంన్నర. పదహారు మీటర్ల దగ్గర ఆరు గంటలు దాటుతుంది. నిమిషంన్నరకూ ఆరు గంటలకూ మధ్య ఉన్నది పదిహేను మీటర్ల నడక. ఇంత చవకైన మందు ఇంకెక్కడా దొరకదు.

కానీ ఇది మైదానం లెక్క. మన వీధులు మైదానాలు కావు. రెండు వైపులా మేడలున్న ఇరుకు సందులో శబ్దం పరుచుకోవడానికి చోటుండదు. గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. ఫంక్షన్ హాల్లో పైకప్పు, గోడలు, టైల్స్ అన్నీ దాన్ని తిప్పి మీ మీదికే తోస్తాయి. హాల్లో బాక్సు నుంచి పదహారు మీటర్లు జరిగినా బయట దొరికినంత రక్షణ దొరకదు. సందులోకి బండి వచ్చినప్పుడు పక్కకు జరగడం చాలదు, ఆ సందులోంచే బయటికి రండి. హాల్లో అయితే బయటి వరండాలోకి నడవండి. ఇంట్లో ఉన్నవాళ్లు వీధివైపు కిటికీలు మూసి వెనక గదిలోకి వెళ్లండి. గుండెల్లో దబదబలాడే బేస్ మాత్రం గోడల్ని కూడా దాటుకొస్తుంది. సాధారణంగా వాడే శబ్దమీటరు చెవి తీరును బట్టి ఆ లోతైన మోతను తక్కువ చేసి లెక్కిస్తుంది. మీటరులో అంకె చిన్నగా ఉందని, కిటికీ అద్దాలు అదురుతుంటే ఊరుకోవద్దు.

దీపావళి గురించీ చెప్పాలి. పేలిన చోటు నుంచి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే టపాకాయల్ని తయారుచేయకూడదని, అమ్మకూడదని మన నిబంధన. ఆ నాలుగు మీటర్లు అన్న మాట ఎవరూ చదవరు. మన పిల్లలు వత్తి ముట్టించి రెండడుగులు వెనక్కి వేసి నిలబడతారు. ఒక మీటరు దూరంలో ఉంటే తీవ్రత పదహారు రెట్లు. అంటే నిబంధనకు లోబడిన టపాకాయే అక్కడ 137 దాకా వెళ్తుంది. పెద్ద శబ్దం వినగానే బిగుసుకుని లోపలి చెవిని కాస్త కాపాడే చిన్న కండరం ఒకటి మనకుంది. అది కదిలేలోపే టపాకాయ పేలడం అయిపోతుంది. చెవికి తలుపు వేసుకునే వ్యవధి కూడా ఇవ్వదు. ఒకే ఒక్క పేలుడుతో చెవి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

మా మేనమామ సంగతి చెబుతాను. యవ్వనమంతా రైసుమిల్లులో గడిపాడు. మిల్లు హోరులో కేకలేసి మాట్లాడటం అలవాటై ఇంట్లో కూడా కేకలేసేవాడు. మేము నవ్వుకునేవాళ్లం. తర్వాత్తర్వాత టీవీ సౌండు పెంచడం మొదలైంది. "వినపడుతోందిరా, అర్థం కావట్లేదు" అనేవాడు. ఆ మాటకు అర్థం మాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. పెద్ద శబ్దం ముందుగా చంపేది సన్నని స్వరాలు పట్టుకునే కణాల్ని. అచ్చుల బరువు వినిపిస్తూనే ఉంటుంది. హల్లుల అంచు పోతుంది. పాలు, కాలు, చాలు ఒకేలా వినిపిస్తాయి. ఆడవాళ్ల గొంతు, పసిపిల్లల మాట ముందు మాయమవుతాయి. ఆయనకు మనవరాలి మాటలు అందలేదు. పెళ్లిళ్లకు వచ్చినా ఓ మూల కుర్చీలో కూర్చునేవాడు. పలకరిస్తే పొంతన లేని జవాబు చెబుతానేమోనన్న భయం. చెవిటి మిషన్ శబ్దాన్ని పెంచగలిగింది గానీ మాటలోని తేటదనాన్ని తిరిగి తేలేకపోయింది.

ఇంట్లో ఎవరికైనా ఈ గుర్తులు కనిపిస్తే పట్టించుకోండి. ఊరేగింపు నుంచి వచ్చాక చెవిలో గుయ్‌మని మోగుతోందా? దూది పెట్టినట్టు మాటలు మందంగా వినిపిస్తున్నాయా? తెల్లారేసరికి తగ్గిపోయిందని సంబరపడకండి. అది చెవి చేసిన హెచ్చరిక. పిల్లవాడు బడిలో టీచరు చెప్పింది రెండోసారి అడుగుతున్నాడా, గుంపులో ఉన్నప్పుడు మాట అందుకోలేకపోతున్నాడా, ఫోన్ ఒకే చెవికి పెట్టుకుంటున్నాడా, కుక్కర్ విజిల్ పక్క గదిలో ఉన్న పెద్దాయనకు వినిపించడం లేదా? చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించడం మానేస్తే మాత్రం వారం తర్వాత చూద్దాం అనుకోవద్దు. ఆ రోజే వెళ్లండి. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెట్టిన చికిత్సతో కొందరికి వినికిడి తిరిగొస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం జారిపోతుంది. చెవిలో నూనె పోసి, వేడి కాపడం పెట్టి రోజులు గడపకండి.

బండి లేకపోయినా ముప్పు జేబులోనే ఉంటోంది. ఇయర్‌ఫోన్ చెవిగొట్టంలోనే కూర్చుంటుంది, దూరం అనే రక్షణ అక్కడ పూర్తిగా లేదు. బస్సు హోరును అణచడానికి పాట పెంచుతాం, బస్సు దిగాక తగ్గించడం మరచిపోతాం. 12 నుంచి 35 ఏళ్ల మధ్య వయసులో వందకోట్ల మందికి పైగా ఇలా వినే అలవాట్ల వల్లే చెవులు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. వాల్యూమ్ అరవై శాతం దాటించకండి. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా పిలిస్తే వినిపించాలి. వినిపించకపోతే తగ్గించండి.

సిరిసిల్ల మరమగ్గాల దగ్గర, రైసుమిల్లుల్లో, రాయి కొట్టే క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్ల మాట విడిగా చెప్పాలి. పండగ మోత ఏడాదిలో కొన్ని రోజులు. వాళ్లది రోజూ. శబ్దం వల్ల వచ్చే చెవుడు మన చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. ఇచ్చిన చెవి ప్లగ్గులు జేబులో ఉంటే ప్రయోజనం లేదు. దూది కుక్కుకుంటే సరిపోతుందనీ అనుకోవద్దు, అది ఆపేది చాలా తక్కువ. ఫోమ్ ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని వెనక్కి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకుంటేనే పనిచేస్తుంది. యజమానులకు నా మనవి ఒక్కటే. ఏడాదికోసారి మీ పనివాళ్లకు వినికిడి పరీక్ష చేయించండి. తొలి నష్టం పరీక్షలోనే దొరుకుతుంది, మనిషికి తెలియదు.

చట్టం లేదని కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 అన్నాయి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర పగలు 50, రాత్రి 40. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు బయట మోగకూడదు. పండగలకు ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. అయినా పోలీసు ప్రతి సందులోకీ రాలేడు.

శబ్దం మీద 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనక ఒక కథ ఉంది. 1998 జనవరి మొదట్లో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. పదమూడేళ్ల అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. ఆమె కేకలు పెట్టింది. చుట్టుపక్కల మోగుతున్న లౌడ్ స్పీకర్ పాటల్లో ఆ కేకలు ఎవరికీ వినిపించలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల నిప్పంటించుకుని చనిపోయింది. అది చదివి తట్టుకోలేక ఒక ఇంజనీరు కోర్టు తలుపు తట్టాడు. మోత అంటే చెవులకు మాత్రమే ముప్పు అనుకునేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి. వీధి చివర గుండెపోటు వచ్చినవాడి పిలుపు, అంబులెన్స్ సైరన్, వెనక నుంచి వస్తున్న లారీ హారన్, అన్నీ ఆ మోతలోనే మునిగిపోతాయి.

కమిటీ కుర్రాళ్లూ, మీరంతా మా పిల్లలే. ఊరేగింపు మానమని ఎవరూ అనడం లేదు. డప్పు పెట్టండి, సన్నాయి పెట్టండి, కోలాటం ఆడించండి. బాక్సులు పెట్టి తీరాలంటే సగం తగ్గించండి. సగం బాక్సులు తీసేస్తే తగ్గేది మూడు డెసిబెళ్లే, చెవికి తేడా పెద్దగా తెలియదు. కాబట్టి సందడి పోతుందన్న బెంగ అక్కర్లేదు. కానీ చెవి తట్టుకోగల సమయం మాత్రం రెట్టింపవుతుంది. బండి ముందు తాడు కట్టి నలుగురు మనుషుల్ని నిలబెట్టండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆసుపత్రి వీధిలో ఆపేయండి. పెళ్లిపెద్దలూ, బుకింగ్ మాట్లాడేటప్పుడే "ఎంత సౌండు, ఎన్నింటికి ఆపుతారు" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని, బంధువులు కూర్చునే చోట ఒకసారి చూడండి. అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. అయినా 85 దాటిందంటే కుర్చీలు వెనక్కి జరపండి. యాప్ లేకపోతే మీటరు దూరంలో ఉన్న మనిషితో మాట్లాడి చూడండి. గొంతు చించుకోవాల్సి వస్తే ప్రమాదం మొదలైనట్టే.

కడుపుతో ఉన్నవాళ్లు, పచ్చి బాలింతలు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్నవాళ్లు బండి వచ్చే వేళకు ముందే దూరంగా ఉండండి. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడకండి. పక్కింటివాళ్లకు చెప్పినా వినకపోతే, రాత్రి పది దాటాక మోత ఆగకపోతే 112కు ఫోన్ చేయండి.

ఆ తండ్రికి ఇంకొక్క మాట. మాటలు పూర్తిగా రాని పాపకు "నొప్పిగా ఉంది నాన్నా" అని చెప్పడం చేతకాదు. అందుకే చెవులు మూసుకుంది. ఆ చేతులు చెవుల మీదికి వెళ్లగానే పాపను భుజం మీంచి దించి, ఎత్తుకుని, ఆ వీధిలోంచి బయటికి నడువు నాయనా.